అప్‌డేట్: కళ్లజోడుతో నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్లు, నెల రోజుల వాడకం తర్వాత

వారానికోసారి విజయవాడ నుంచి హైదరాబాదుకు బస్సులో వెళ్లే నాకు, కళ్లజోడు ఉన్నా నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్లు పనికివస్తాయా అని గత నెలలో అడిగాను. కొనేముందు దుకాణంలో పెట్టుకుని చూడమన్న వారికి కృతజ్ఞతలు. ఆ సలహా ప్రకారమే చెవిని పూర్తిగా కప్పే మెత్తని కుషన్ల జతను ఎంచుకున్నాను.

బయటి ధ్వనిని మైక్రోఫోన్లతో గ్రహించి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని చెవిలో వినిపించడమే ఈ పద్ధతి కాబట్టి, ఇంజను హోరు, ఏసీ గాలి వంటి ఎడతెగని మంద్రధ్వనులు దాదాపు మాయమవుతున్నాయి. హారన్లు, పక్క సీటువారి ఫోన్ మాటలు మాత్రం తగ్గుతున్నాయే తప్ప పోవడం లేదు.

అసలు చిక్కు కళ్లజోడు దగ్గరే వచ్చింది. మందపాటి ఫ్రేము కాడ కుషన్‌ను కొద్దిగా ఎత్తిపట్టడంతో కణత దగ్గర సన్నని సందు ఏర్పడి, అందులోంచి ఇంజను మోత లోపలికి వచ్చేది. ఆ చోట వేలితో నొక్కితే నిశ్శబ్దం, వదిలితే మళ్లీ మోత. సన్నని లోహపు కాడలున్న నా పాత జోడు పెట్టుకున్నాక ఆ తేడా చాలావరకు పోయింది. రెండు గంటలకే మొదలయ్యే కణతల నొప్పి కూడా తగ్గింది. కళ్లజోడు ఉన్నవారు రోజూ వాడే జోడుతోనే, కనీసం పావుగంట పెట్టుకుని చూడాలని నా గట్టి అభిప్రాయం.

ల్యాప్‌టాప్ మీటింగులలో హెడ్‌ఫోన్ల మైకు వాడితే బ్లూటూత్ కాల్ పద్ధతికి మారి, వినిపించే ధ్వని నాణ్యత పడిపోతోంది. ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకుంటే ఆ సమస్య లేదు. తిరిగి ఇచ్చే గడువు ఇంకా ఉన్నా, ఈ జతను ఉంచుకుంటున్నాను.