నీలగిరి తైలం, లవంగ నూనె, అమృతధార: ఇంట్లో పసివాడు, పెద్దావిడ ఉన్నారు, ఎంత వాడాలి?

చిలికాగాలి (బరంపురం)

అందరికీ నమస్కారమండీ. వానలు పట్టాక ఇంటిల్లిపాదికీ జలుబే. ఇంట్లో నాలుగేళ్ల బాబు ఉన్నాడు. అత్తగారికి డెబ్బై దాటాయి, గుండె వాల్వు మార్చారు, రోజూ రక్తం పల్చబరిచే ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటారు, దానికి తోడు మోకాళ్ల నొప్పులు. మావారు బడబజారులో మూలికల కొట్టు నుంచి నీలగిరి తైలం, లవంగ నూనె, గంధపూర తైలం తలా ఒక సీసా తెచ్చారు. మూడింటి మీదా "హండ్రెడ్ పర్సెంట్ ప్యూర్" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు.

ఆవిరికి ఎన్ని చుక్కలు వెయ్యాలి? బాబు గుండెలకి రాయొచ్చా? మావారికి పిప్పిపన్ను పోటు, లవంగ నూనెలో ముంచిన దూది రాత్రంతా పెట్టుకుని పడుకుంటానంటున్నారు, పర్వాలేదా? గంధపూర తైలం అత్తగారి మోకాళ్లకి నేరుగా పట్టించొచ్చా? పక్కింటావిడేమో బాబు చెవిపోటుకి కేవడా (మొగలిపువ్వు) అత్తరు ఒక్క చుక్క వెయ్యమంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

మందులచీటి (జయపురం, కొరాపుట్)

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ గంధపూర తైలం అత్తగారి దగ్గరికి రానివ్వకండి. దాన్నే వింటర్‌గ్రీన్ ఆయిల్ అంటారు. అసలు సరుకైనా, ఫ్యాక్టరీలో చేసిందైనా అందులో ఉండేది దాదాపు అంతా మిథైల్ సాలిసిలేట్, ఆస్పిరిన్ జాతి మందు. చర్మంలోంచి ఇంకి రక్తంలో కలుస్తుంది. ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లకి దీనివల్ల ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతుందో చెప్పే కొలత) పెరిగిపోయి చిగుళ్ల నుంచో, ముక్కు నుంచో, మూత్రంలోనో రక్తం పడొచ్చు. రాసిన చోట వేడినీళ్ల సంచి పెడితే ఇంకడం ఇంకా ఎక్కువవుతుంది, చర్మం బొబ్బలెక్కుతుంది. బజారులో నొప్పి బామ్‌లు, స్ప్రేలు చాలావాటిలో ఇదే ఉంటుంది కాబట్టి డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివి గాని కొనకండి.

మింగితే మాటే లేదు. ఒక టీస్పూను, అంటే 5 మి.లీ., సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కి సమానం. 300 మి.గ్రా. మాత్రలు ఇరవైమూడు ఒక్కసారిగా మింగినట్టు. నాలుగేళ్ల పిల్లాడు తిరిగే ఇంట్లో ఆ సీసా ఉంచుకోకపోవడమే మంచిది.

మోకాళ్లకి 30 మి.లీ. నువ్వుల నూనెలో నీలగిరి తైలం 12 చుక్కలు కలిపి వాడుకోవచ్చు. ఇది రెండు శాతం మిశ్రమం. లెక్క గుర్తుంచుకోవడం తేలిక: మామూలుగా 20 చుక్కలు 1 మి.లీ. అవుతాయి, కాబట్టి 10 మి.లీ. నూనెకి 2 చుక్కలు వేస్తే ఒక శాతం, 4 వేస్తే రెండు శాతం. ముఖానికి ఒక శాతం దాటొద్దు. మూలికల కొట్టు సీసాలకి మూతలో చుక్కల బిళ్ల ఉండదు, వంచితే ఒకేసారి పావు చెంచా పడుతుంది. మందుల షాపులో 1 మి.లీ. సిరంజి కొనుక్కుని సూది తీసేసి దాంతో కొలవండి, చుక్కల గొడవే ఉండదు: 12 చుక్కలకి 0.6 మి.లీ. కలిపాక మోచేతి మడతలో ఒక చుక్క రాసి పైన బ్యాండ్ ఎయిడ్ వేసి 24 గంటలు చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే మోకాలికి. నిజం చెప్పాలంటే అక్కడ సగం మేలు తైలానిది కాదు, ఐదు నిమిషాలు మర్దన చేసిన చేతిది. మోకాలు వాచి, ఎర్రగా వేడిగా ఉంటే మాత్రం మర్దన మానేసి డాక్టరుకి చూపించాలి.

ఇక పన్ను. లవంగ నూనెలో 80 శాతం పైచిలుకు నొప్పిని మొద్దుబార్చే యూజినాలే. డెంటిస్టులు జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలికంగా పన్ను నింపేది దీంతోనే, కాబట్టి పోటు తగ్గుతుందన్నది ఉత్త మాట కాదు. కాకపోతే ముడి నూనె చిగురుకి తగిలితే కాలుస్తుంది. తెల్లటి పొర లేచి, రెండోరోజుకి పన్నుపోటు కంటే చిగురు మంట ఎక్కువవుతుంది. ముందు ఉప్పునీళ్లతో పుక్కిలించి, గుంటలో ఇరుక్కున్న మెతుకు తీసెయ్యాలి. ఒక చుక్క లవంగ నూనెని నాలుగు చుక్కల కొబ్బరినూనెలో కలిపి, మినపగింజంత దూది అందులో తడిపి, పిండి, సరిగ్గా గుంటలోనే పెట్టాలి. పది నిమిషాలకి తీసి ఉమ్మెయ్యాలి. రోజుకి మూడు నాలుగు సార్లకి మించొద్దు. రాత్రంతా అస్సలు వద్దు, నిద్రలో ఆ దూది గొంతులోకి జారొచ్చు కూడా. దవడ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా అది చీము, దానికి నూనె పనిచెయ్యదు.

మీ సీసాలు అసలువో కాదో కొంత ఇంట్లోనే తేలిపోతుంది. గాజుగ్లాసు నీళ్లలో లవంగ నూనె ఒక చుక్క వెయ్యండి. అసలుది నీటికన్నా బరువు, గుండ్రంగా కిందికి దిగుతుంది. పైన పొరలా పరుచుకుంటే అందులో వంటనూనో, ఇంకేదో కలిసింది. నీలగిరి తైలం తేలిక, తేలాల్సిందే. దాన్ని తెల్ల కాగితం మీద వేసి గంటసేపు ఫ్యాను కింద ఉంచండి. జిడ్డు మరక మిగిలితే కల్తీ. టర్పెంటైన్ కలిపితే మాత్రం ఈ పరీక్షకి దొరకదు, అది కూడా ఆరిపోతుంది. అందుకే నీలగిరి తైలం మందుల షాపులో, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల నాణ్యతా ప్రమాణం) అని రాసి ఉన్నదే కొనడం నయం.

సిస్టర్‌గారు (పర్లాకిమిడి)

పిల్లాడి సంగతి నేను చెప్తాను. నీలగిరి తైలం నేరుగా గుండెలకి గానీ, ముక్కు కింద గానీ రాయకండి. పుదీనా పువ్వు (మెంథాల్), కర్పూరం, నీలగిరి ఘాటు ముక్కు దగ్గర గుప్పుమంటే చిన్నపిల్లలకి ఊపిరి బిగదీసుకుపోవచ్చు. రెండేళ్లు దాటినవాళ్లకి విక్స్ లాంటి బామ్ గుండెలకి, వీపుకి మాత్రం పల్చగా రాయొచ్చు. ముక్కుపుటాలకి వద్దు, చేతులకి వద్దు, ఎందుకంటే ఆ చేతులే కళ్లు నలుపుకుంటాయి.

ఆవిరి కూడా వాడికి వద్దు. జలుబు వల్ల వచ్చే నష్టం కంటే గిన్నె ఒలికి ఒళ్లు కాలడం వల్ల వచ్చే నష్టం ఎక్కువ. మీ పెద్దవాళ్లకైతే అర లీటరు నీళ్లు మరిగాక పొయ్యి మీంచి దింపి, గచ్చు మీద కాక బల్ల మీద కదలకుండా పెట్టి, ఒక నిమిషం ఆగి 2 చుక్కలు వెయ్యండి. మరుగుతున్న నీళ్లలో వేస్తే తైలమంతా మొదటి అర నిమిషంలోనే లేచిపోయి కళ్లు మండుతాయి, తర్వాత మిగిలేది ఉత్త ఆవిరే. కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు చాలు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఈ ఘాటుతోనే ఆయాసం ఎక్కువ కావచ్చు, వాళ్లు మానుకోవాలి. స్నానం బకెట్లో చుక్కలు వేసుకునేవాళ్లూ ఉన్నారు. నూనె నీళ్లలో కలవదు, తెప్పలా తేలి నేరుగా ఒంటికి అంటుకుంటుంది. సున్నితమైన చోట్ల ఆ మంట చెప్పలేం.

బాబుకి ముక్కు బిగిస్తే మందుల షాపులో సెలైన్ చుక్కలు దొరుకుతాయి, పడుకునే ముందు ఒక్కో పుటంలో రెండేసి. దగ్గుకి అర టీస్పూను తేనె, ఏడాది దాటినవాడు కాబట్టి పర్వాలేదు. నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, నిమిషం పాటు గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టండి. ఆ వయసుకి నిమిషానికి 40, ఆపైన ఉంటే, లేదా ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి లాక్కుపోతుంటే అది ఉత్త జలుబు కాదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒకవేళ ఏ తైలమైనా తాగేస్తే వాంతి చేయించకండి. పైకి తన్నుకొచ్చిన తైలం ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా అవుతుంది. పాలు, ఆముదం పట్టడాలు వద్దు. సీసా చేతపట్టుకుని 108కి ఫోన్ చెయ్యండి. "ఇప్పుడు బాగానే ఉన్నాడుగా" అని ఇంట్లో కూర్చోవద్దు. ఒక టీస్పూను నీలగిరి తైలంతోనే మగత, ఫిట్స్ వచ్చిన పిల్లలున్నారు, అవి అరగంటలోనే రావచ్చు. కంట్లో పడితే మామూలు నీళ్లతో పావుగంట కడగాలి. ఒంటి మీద ఒలికితే ముందు వంటనూనె గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు.

మొగలిపొద (ఛత్రపురం)

చెవిలో అత్తరా? వద్దంటే వద్దండీ. మన గంజాం కేవడాకి జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉందని మనకి గర్వమే, కానీ కొట్లో చిన్న సీసాలో దొరికేది రూహ్ కేవడా, అంటే అసలు మొగలి తైలం, కాదు. మగ చెట్టు పొత్తుల్ని తెల్లవారుజామున కోసి, రాగి డేగ్‌లో నీళ్లతో కాచి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, ఆవిరిని భప్కా అనే పాత్రలో పట్టుకుంటారు. భప్కాలో ముందే ఏ నూనె పోస్తారో దాంట్లోకి వాసన దిగుతుంది, అదే అత్తరు. ఒకప్పుడు అది గంధపు నూనె. ఇప్పుడు గంధం ధరకి ఎవరు పోస్తారు, చాలామంది లిక్విడ్ పారఫిన్ పోస్తున్నారు. సెంటులో కలిపే రసాయనాలు కలిపేవాళ్లూ ఉన్నారు. రుమాలుకి రాసుకోవడానికి బాగానే ఉంటుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే అదంతా నేరుగా మధ్య చెవిలోకి పోతుంది, చిల్లు ఉందో లేదో బయటినుంచి మీకు కనపడదు.

జలుబుతో వచ్చే చెవిపోటు లోపలి ఒత్తిడి వల్ల వస్తుంది, పైనుంచి ఏం పోసినా అక్కడికి చేరదు. పారాసిటమాల్ సిరప్ బరువుని బట్టి, కిలోకి 15 మి.గ్రా. చొప్పున, ఆరు గంటలకోసారి ఇవ్వండి. సీసా మీద 5 మి.లీ.కి 120 అని ఉందో 250 అని ఉందో చూసి లెక్కేసుకోండి, అందరూ తప్పేది అక్కడే. చెవి కారినా, రెండు రోజులకి తగ్గకపోయినా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. కేవడా నీళ్లు పాయసంలోకి వాడుకోండి, ఇబ్బంది లేదు.

చిలికాగాలి (బరంపురం)

చాలా థ్యాంక్సండీ. గంధపూర సీసా తీసేశాను, మావారికి దూది సంగతి చదివి వినిపించాను. ఇంకొకటి. అత్తగారు ఇంట్లోనే అమృతధార చేస్తారు, కడుపునొప్పికి అందరికీ అదే. పూజ కర్పూరం వేస్తున్నారు. ఈసారి సరిగ్గా కరగలేదు, అడుగున ముద్దలా ఉండిపోయింది.

ఓమపువ్వు (గుణుపురం)

అది కొలత తేడా, లేదంటే కర్పూరంలో కల్తీ. అమృతధారకి వాము పువ్వు (థైమాల్), పుదీనా పువ్వు, కర్పూరం మూడూ సమానంగా తూయాలి, తలా 10 గ్రాములు అనుకోండి. చెంచాలతో కొలిస్తే కుదరదు, పుదీనా పువ్వు సూదుల్లా ఉండి చెంచాలో ఖాళీ ఎక్కువ వస్తుంది. కర్పూరం విడిగా కరగాలంటే 175 డిగ్రీలు దాటాలి, వాము పువ్వుకి 50, పుదీనా పువ్వుకి 42 దగ్గర. మూడూ కలిస్తే ఒకదాన్నొకటి కరిగించుకుని గది వేడికే నీరవుతాయి. పొయ్యి మీద పెట్టే పనే లేదు, పెడితే ఆవిరి అంటుకుంటుంది. తడిలేని గాజుసీసాలో వేసి బిరడా బిగించి ఊపుతూ ఉండండి. కాసేపటికి గోడలు చెమర్చినట్టు తడి కనిపించి, ఆ తర్వాత మొత్తం నూనెలా జారుతుంది. సీసాలో నీటి చెమ్మ ఉంటే మసకబారుతుంది. పూజ కర్పూరం ఎక్కువగా టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తీసేది, తినడానికి చేసిన సరుకు కాదు. పచ్చకర్పూరమే వెయ్యాలి.

మోతాదు దగ్గరే నాకు అసలు భయం. సీసాలో మూడో వంతు కర్పూరం. ఒక చుక్కలో సుమారు 16 మి.గ్రా. పెద్దవాళ్లు గ్లాసుడు నీళ్లలో రెండు చుక్కలు తాగితే 32 మి.గ్రా., ఎప్పుడో ఒకసారైతే దాంతో ఏమీ కాదు. అదే సీసాలోంచి పిల్లాడు ఒక టీస్పూను తాగాడనుకోండి, లోపలికి పోయేది గ్రామున్నర పైన. పసిపిల్లలకి ఒక్క గ్రాముతోనే ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. కాబట్టి బాబుకి ఇది ఒక చుక్క కూడా వద్దు, గర్భిణులకీ వద్దు, ఫిట్స్ ఉన్నవాళ్లకీ వద్దు. మీ అత్తగారు కూడా లోపలికి తీసుకునే ముందు ఎసిట్రోమ్ రాసిన డాక్టర్ని అడగాలి. 1920 నుంచి హైదరాబాదులో తయారవుతున్న జిందా తిలిస్మాత్‌లో కూడా ఉండేది ప్రధానంగా నీలగిరి తైలమే, దానికీ ఇదే జాగ్రత్త.

విరేచనాలైతే అమృతధార జోలికే పోకండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, సగం ప్యాకెట్టు గ్లాసులో వేసే అలవాటు మానాలి. పిల్లలకి తోడుగా జింకు 20 మి.గ్రా. 14 రోజులు.

వంశధార (రాయగడ)

ఈ చర్చలోనే ఒక మాట. మా వైపు దోమలకి సిట్రోనెల్లా నూనె రాసుకుని పొలాలకీ అడవికీ పోయేవాళ్లు ఎక్కువ. అది గంటసేపు కూడా ఆగదు, చెమట పడితే ఇంకా తొందరగా పోతుంది. ఇది ప్రాణాంతకమయ్యే ఫాల్సిపారమ్ రకం మలేరియా ప్రాంతం, వాసనని నమ్ముకునే చోటు కాదు. ఆశా కార్యకర్త ఇచ్చే మందు దోమతెర కట్టుకోండి. దాన్ని ఊరికే ఉతక్కండి, ఉతికితే నీడన ఆరెయ్యండి, ఎండకి మందు చచ్చిపోతుంది. జ్వరం వస్తే అదే రోజు వేలి రక్తం పరీక్ష. లెమన్ యూకలిప్టస్ అని దోమల కోసం విడిగా అమ్మేది వేరు, జలుబుకి వాడే నీలగిరి (అదీ యూకలిప్టస్సే) వేరు, పేరు చూసి ఇది అదే అనుకోకండి.

చిలికాగాలి (బరంపురం)

ఆఖరి ప్రశ్న. నీలగిరి తైలాన్ని డ్రాపర్ ఉన్న సీసాలో పోసి పెట్టాను. నాలుగు రోజులకే రబ్బరు ఉబ్బి జిగటగా అయింది. సీసా లోపమా?

మందులచీటి (జయపురం, కొరాపుట్)

సీసాది కాదు, రబ్బరుది. ఆ ఆవిరికి రబ్బరు మెత్తబడి కరుగుతుంది, కరిగింది తైలంలో పడుతుంది. పల్చటి ప్లాస్టిక్ కూడా అంతే. ఆ తైలం ఇక ఒంటికి వాడకండి, గచ్చు తుడిచే నీళ్లలో వేసెయ్యండి. కొత్తది గోధుమరంగు గాజుసీసాలో, గట్టి మూతతో, నిండా ఉండేట్టు పొయ్యండి. సగం ఖాళీ సీసాలో గాలికి తైలం పాడవుతుంది, పాడైన తైలమే ఒంటికి ఎక్కువ దద్దుర్లు తెస్తుంది. మూత తీసిన తేదీ సీసా మీద రాసి, ఏడాది దాటితే మార్చెయ్యండి. పెట్టేది దేవుడి గూట్లో కాదు, తాళం ఉన్న బీరువాలో.