డౌరో లోయకు కారా, రైలా?

తొలి యాత్ర: సెప్టెంబరు చివర్లో మేమిద్దరం పోర్చుగల్ వెళ్తున్నాం. లిస్బన్, పోర్టో, ఆ తర్వాత డౌరో లోయలో ద్రాక్షతోటలు. అంతా రైల్లోనే తిరగాలని నా కోరిక. లోయలో కారు లేకపోతే స్టేషన్ చూసి వెనక్కి రావడమేనని మా ఆయన వాదన. ఏం చెయ్యమంటారు?

స్టీరింగ్: మీవారి మాటే కరెక్టండీ. పట్టాలు నది ఒడ్డున పోతాయి, తోటలేమో కొండల మీద. వైన్ తయారుచేసే ఎస్టేట్లను అక్కడ కింటా అంటారు. వాటిలో చాలావాటికి బస్సే పోదు. టాక్సీ కోసం నేను ఓ చిన్న ఊళ్లో గంటసేపు ఎండలో నిలబడ్డాను. పైగా లోయలోని రేగ్వా ఊరి నుంచి పిన్యావ్ ఊరి దాకా నది పక్కనే సాగే ఎన్222 రోడ్డును వదులుకోకూడదు.

కిటికీ సీటు: ఆ రోడ్డు అందం కాదనను. కానీ నడిపేవాళ్ల కళ్లు మలుపుల మీదే ఉంటాయి కదా! వెళ్లేది వైన్ రుచి చూడ్డానికి. రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములకు చేరితే అక్కడ జరిమానా. అంటే ఇద్దరిలో ఒకరు ప్రతిచోటా గ్లాసు పక్కన పెట్టాల్సిందే. జంటగా వెళ్లి అదేం సెలవండీ?

లిస్బన్ నుంచి పోర్టోకి వేగం రైల్లో దాదాపు 3 గంటలు. అక్కడ సావ్ బెంటో స్టేషన్ హాల్లో గోడల నిండా 20,000 దాకా చిత్రాల పింగాణీ పలకలు (టైల్స్). కాసేపు ఆగి చూడండి. పిన్యావ్‌కి మరో రెండున్నర గంటలు. సీటు రిజర్వేషన్ ఉండదు, ముందే వెళ్లి కుడివైపు కిటికీ పట్టుకోండి. మొదటి గంట ఊళ్లూ పొలాలే, ఇందుకేనా వచ్చాం అనిపిస్తుంది. ఆ తర్వాత నది పట్టాల పక్కకే వచ్చేస్తుంది. ఎదుటి కొండ అడుగు నుంచి అంచు దాకా మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు. పిన్యావ్ స్టేషన్ గోడల మీదా నీలి పలకలే: ద్రాక్షకోత, గంపలు మోసేవాళ్లు, పీపాలు తీసుకెళ్లే పడవలు. కింటా దో బోంఫిం అక్కణ్ణుంచి నాలుగడుగులే.

స్టీరింగ్: గ్లాసు సంగతి ఒప్పుకుంటాను. నా ట్రిప్పులో నడిపింది నేనే, ఆ వెలితి తెలుసు. కానీ పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేట్టయితే రోజంతా గడియారం చూసుకోవడమే. రైళ్లు తక్కువ.

కిటికీ సీటు: అందుకే పిన్యావ్‌లో రెండు రాత్రులుండాలి. ఒకరోజు నడిచిపోగలిగిన కింటాలు. రెండోరోజు కొండమీది కింటా ఒక్కటే, దానికి టాక్సీని ముందురోజే హోటల్ వాళ్లతో మాట్లాడించండి. రైలును నమ్ముకుంటే పది కింటాలు చూడలేరు, అది నిజం. రెండుమూడు తీరిగ్గా చూస్తారు.

తొలి యాత్ర: మా ఆయన సరేనన్నారు! గది వెతుకుతున్నాం. చివరి స్టేషన్ పొసీన్యో దాకా వెళ్లాలంటే ఎటు కూర్చోవాలి?

కిటికీ సీటు: పిన్యావ్ నుంచి ఇంకో గంట. ఫెర్రడోసా దగ్గర రైలు వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు పోతుంది. అక్కణ్ణుంచి నది ఎడమవైపు.