లాగ్ క్యాబిన్ బ్లాక్: పట్టీలు ముందే కొలిచి కోయాలా, కుట్టాక కోయాలా?

మధ్యచదరం
లాగ్ క్యాబిన్ క్విల్ట్ (బట్ట ముక్కలు అతికి కుట్టే బొంత) మొదలుపెడదామని బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. ఒక్కో బ్లాక్‌కి, అంటే క్విల్ట్‌లో ఒక్కో గడికి, మధ్యలో ఎర్ర చదరం, చుట్టూ మూడు వరుసల పట్టీలు, ఒక సగం లేత రంగులు, ఇంకో సగం ముదురువి. కుట్టాక పట్టీ 1 అంగుళం కనబడాలి, రెండు పక్కలా కుట్టు మార్జిన్ (కుట్టుకి అవతల లోపలికి పోయే అంచు) పావు అంగుళం చొప్పున పోతుంది కాబట్టి 1.5 అంగుళాల వెడల్పుతో కోయాలి. ఇంతవరకూ గొడవ లేదు. పొడవు దగ్గరే ఆగిపోయాను. ప్రతి పట్టీనీ లెక్క ప్రకారం ముందే కోసి పెట్టుకోమని కొందరంటారు. పొడుగు పట్టీ మీద బ్లాక్ పెట్టి కుట్టేసి, మిగిలింది కత్తిరించెయ్యమని ఇంకొందరంటారు. నాకు రెండోదే సులువుగా కనిపిస్తోంది. అలాంటప్పుడు మొదటిది ఎవరైనా ఎందుకు చేస్తారు?

రాత్రిమిషన్
అలవాటు కొద్దీ చేస్తారండి, అంతే. బ్లాక్‌కి 12 పట్టీలు. 40 బ్లాకులంటే 480 ముక్కలు. వాటిని కొలిచి, కోసి, పొడవుల వారీగా కట్టలు కట్టి, ఏ కట్ట ఏదో చీటీలు పెట్టి... ఇంత టెన్షన్ దేనికి? పొడుగు పట్టీని మిషన్ మీద పెట్టండి, దాని మీద ఒక బ్లాక్, వెనకే ఇంకోటి, దారం తెంపకుండా వరసగా కుట్టుకుంటూ పోండి. తర్వాత ఇస్త్రీ బల్ల దగ్గర విడదీయండి. లెక్క తప్పే భయమే ఉండదు, ఎందుకంటే లెక్కే లేదు.

పడుగుపేక
లెక్క లేకపోవడమే కదండీ అసలు సమస్య.

మధ్యచదరం గారూ, మీ కొలతల్లోనే చూద్దాం. మధ్య ముక్క 1.5 అంగుళాల చదరం. మొదటి వరుసకి 1.5, 2.5, 2.5, 3.5 పొడవులు. రెండోదానికి 3.5, 4.5, 4.5, 5.5. మూడోదానికి 5.5, 6.5, 6.5, 7.5. బ్లాక్ 7.5 అంగుళాలు రావాలి, క్విల్ట్‌లో కుట్టాక 7.

ఇప్పుడు మీ కుట్టు మార్జిన్ పావు అంగుళం కన్నా 16వ వంతు ఎక్కువ పడుతోందనుకోండి. కంటికి తెలియదు. కానీ ఒక్కో కుట్టులో రెండు ముక్కల నుంచీ అంత పోతుంది, అంటే 8వ వంతు. బ్లాక్‌కి అడ్డంగా ఆరు కుట్లున్నాయి. మొత్తం ముప్పావు అంగుళం పోయి, 7.5 రావాల్సిన బ్లాక్ 6.75 దగ్గర ఆగుతుంది.

ముందే కోసిన పట్టీ అయితే ఈ సంగతి రెండో పట్టీకే బయటపడుతుంది. 2.5 అంగుళాల పట్టీ పెడితే బ్లాక్ అంచు దాటి 8వ వంతు బయటికి ఉంటుంది. అక్కడే ఆగి మార్జిన్ సరిచేసుకుంటారు. కుట్టాక కోసే పద్ధతిలో ఆ మిగులుని కత్తిరించి చెత్తబుట్టలో వేస్తారు. తప్పుని చూపించే సాక్ష్యం అదొక్కటే, దాన్నే పారేస్తున్నారు.

రాత్రిమిషన్
బాగుంది. కానీ అన్ని బ్లాకులూ ఒకేలా 6.75 వస్తే నష్టం ఏంటి? క్విల్ట్ కాస్త చిన్నదవుతుంది. దుప్పటి కొలిచి చూసేవాళ్లెవరు?

పడుగుపేక
ఒకేలా వస్తే నష్టం లేదు. ఒకేలా రావు. ఇవాళ కుట్టినదానికీ వచ్చే వారం కుట్టేదానికీ, పలచటి బట్టకీ మందపాటి బట్టకీ మార్జిన్ మారుతుంది. 6.75 బ్లాక్ పక్కన 7 అంగుళాల బ్లాక్ పెట్టి కుడితే పెద్దది ముడతలు పడుతుంది.

ఇంకోటి. మిషన్ కింద ఉండే పళ్లు కింది బట్టను పైదానికన్నా కాస్త ఎక్కువ లోపలికి తీసుకుంటాయి. మీరు పొడుగు పట్టీని కింద పెడుతున్నారు. బ్లాక్ అంచుకి పట్టాల్సినదానికన్నా కొంచెం ఎక్కువ పట్టీ వెళ్తుంది. అందుకే అలాంటి బ్లాకులు బల్ల మీద పరిస్తే అంచులు అలలుగా లేస్తాయి. కొలిచి కోసిన పట్టీ అయితే రెండు చివరలూ మూలలకి కలిపి పిన్ను పెడతాం, ఎక్కువ బట్ట వెళ్లడానికి వీలుండదు.

రాత్రిమిషన్
కత్తెరతో కంటి అంచనా మీద కోస్తే మీరన్నది నిజమే. నేను ప్రతి వరుస అయ్యాక చదరపు స్కేలు పెట్టి రోటరీ కట్టర్‌తో (చక్రంలా తిరిగే బ్లేడున్న కత్తి) 3.5కి, 5.5కి, 7.5కి సరిచేస్తాను. పట్టీలే 1.75 వెడల్పుతో కోస్తే సరిచేయడానికి చోటుంటుంది. ఇక పాతకాలం వాళ్ల మాట. ఓల్ఫా రోటరీ కట్టర్ తెచ్చింది 1979లో. 19వ శతాబ్దంలో అమెరికాలో ఈ క్విల్ట్‌లు కుట్టినవాళ్లంతా కట్టలు కట్టి చీటీలు పెట్టుకున్నారా?

ముక్కలసంచి
వాళ్లలో చాలామంది అడుగున ఒక బట్ట చదరం వేసుకుని, దాని మీదే పట్టీలు కుట్టుకుంటూ పోయారు కదా. బ్లాక్ ఆకారాన్ని ఆ అడుగు బట్టే పట్టి ఉంచింది. అందుకే సిల్కు, ఉన్ని, ఏ ముక్క దొరికితే అది వాడగలిగారు. అడుగు బట్ట లేకుండా కుట్టేవాళ్లు ఆ ఉదాహరణ తెస్తే చెల్లదు.

నేను మాత్రం కుట్టాక కోసేదాన్నే. నా దగ్గరున్నవి రకరకాల పొడవుల మిగులు ముక్కలు. వాటికి పట్టిక రాసుకుంటే పట్టిక మారుస్తూనే పొద్దుపోతుంది. కొత్త బట్ట కొని, రంగులు ముందే అనుకుని చేసేవాళ్లకి పడుగుపేక గారి పద్ధతి సరిపోతుందేమో.

నిదానం
అందరూ పొడవు గురించే కొట్టుకుంటున్నారు, వెడల్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. బట్టని మడతపెట్టి కోస్తాం కదా, స్కేలు మడతకి సరిగ్గా లంబంగా లేకపోతే పట్టీ విప్పినప్పుడు మడత దగ్గర వంగి ఉంటుంది. నాలుగు పొరలైతే వంపులు కూడా ఎక్కువే. అలాంటి పట్టీని ఏ పద్ధతిలో వాడినా బ్లాక్ వంకరే. రెండు పొరలకి మించకండి. నాలుగైదు పట్టీలకోసారి అంచు మళ్లీ తిన్నగా చేసుకోండి.

మధ్యచదరం
నిదానం గారూ, పట్టీలు బట్ట పొడవున కోయాలా, అడ్డంగానా? చింపితే తిన్నగా వస్తుందని కూడా ఎవరో అన్నారు.

నిదానం
పొడవున, అంటే పడుగు దారాల వెంట కోస్తే సాగడం అన్నిటికన్నా తక్కువ. అడ్డంగా కోస్తే కొద్దిగా సాగుతుంది, కానీ ఎక్కువమంది అడ్డంగానే కోస్తారు, పర్వాలేదు. ఏటవాలుగా మాత్రం వద్దు. చింపితే దారం వెంటే తిన్నగా వస్తుంది, నిజమే. కానీ అంచు సాగి పోగులు లేస్తాయి. 1.5 అంగుళాల పట్టీలో రెండు పక్కలా అలా అయితే పావు అంగుళం మార్జిన్ దేన్ని చూసి పెట్టుకుంటారు?

పడుగుపేక
బట్ట ఎంత కావాలో కూడా నా పట్టికే చెప్తుంది. ప్రతి వరుసనీ రెండు లేత పట్టీలతో మొదలుపెట్టి తర్వాత రెండు ముదురువి కుడితే బ్లాక్‌కి లేత పట్టీలు మొత్తం 24 అంగుళాలు, ముదురువి 30. రెండూ సమానంగా కొనేవాళ్లకి చివర్లో ముదురు బట్ట చాలదు.

మధ్యచదరం
ఈ 24, 30 సంగతి నాకు తట్టనేలేదు. సమానంగానే తీసుకున్నాను, ఇంకొంచెం ముదురు బట్ట చూసుకోవాలి. పట్టీలన్నీ 1.5 వెడల్పుతో కోసేస్తాను. ముందు ఒక్క బ్లాక్‌కి పొడవులు కొలిచి కోసి, కుట్టి చూస్తాను. 7.5 వస్తే మిగతావాటి సంగతి అప్పుడు ఆలోచిస్తాను.

రాత్రిమిషన్
సరే, చివరి నాలుగు పట్టీలు కొలిచి కోయడానికి నేనూ ఒప్పుకుంటాను. బయటి అంచు అదే కాబట్టి. మొదటి ఎనిమిదికి మాత్రం ఒప్పుకోను.

పడుగుపేక
తేడా పుట్టేది ఆ ఎనిమిదిలోనేనండి.