స్పోర్ట్స్ కారు నడిపిన అనుభవం స్పోర్ట్ బైకుపై అక్కరకొస్తుందా?

చర్చ ప్రారంభించినవారు:
స్పోర్ట్స్ కార్లున్నవారిలో చాలామందికి స్పోర్ట్ బైకులంటే కూడా మక్కువ ఉంటుంది. కారును ట్రాక్‌పై వేగంగా నడపడం వచ్చినవారు చిన్న బైకుతో మొదలుపెట్టనక్కరలేదని, నేరుగా వెయ్యి సీసీ బైకు ఎక్కవచ్చని వారిలో కొందరు గట్టిగా వాదిస్తారు. రెండూ నడిపేవారు ఈ మాటను ఒప్పుకుంటారా? దయచేసి కారణాలతో చెప్పండి.

మొదటి సమాధానం:
నేను ఒప్పుకుంటాను. టైరుకు ఉన్న పట్టు ఇంతేనని, అందులో బ్రేకుకు ఎంత వాడుకుంటే మలుపుకు అంత తగ్గుతుందని తెలిసినవారికి చక్రాలు నాలుగైనా రెండైనా లెక్క ఒకటే. చూపును మలుపు చివరకు పంపడం, మలుపు తెరుచుకునే కొద్దీ మెల్లగా యాక్సిలరేటర్ అందుకోవడం కూడా రెండింటికీ వర్తించేవే. చరిత్రలోనూ సాక్ష్యముంది. 1956లోను, మళ్లీ 1958 నుంచి 1960 వరకు వరుసగా మూడేళ్లు 500 సీసీ మోటార్‌సైకిల్ ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన జాన్ సర్టీస్, 1964లో ఫెరారీతో ఫార్ములా వన్ టైటిల్ కూడా గెలిచారు. అంతకుముందే 1960లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్‌పై, ఫార్ములా వన్‌లో తన రెండో రేసులోనే రెండో స్థానంలో వచ్చారు. నైపుణ్యం ఒకదాని నుంచి మరొకదానికి రాకపోతే ఇది ఎలా సాధ్యం?

రెండో సమాధానం:
సర్టీస్ పట్ల నాకూ అపారమైన గౌరవం ఉంది. కానీ ఆయన బైకు నుంచి కారుకు వచ్చారు, ఇక్కడి ప్రశ్న కారు నుంచి బైకుకు వెళ్లేవారి గురించి. పైగా ఆ రెండు ప్రపంచ టైటిళ్లూ గెలిచినవారు ఇప్పటికీ ఆయన ఒక్కరే. బైకులపై 9 ప్రపంచ టైటిళ్లు గెలిచిన మైక్ హెయిల్‌వుడ్ అంతటివారు ఫార్ములా వన్‌లో 50 రేసులు నడిపి ఒక్కటీ గెలవలేకపోయారు. ఇక ఎదురుదారిలో వెళ్లిన మైఖేల్ షూమాకర్ సంగతి చూడండి. ఏడుసార్లు ఫార్ములా వన్ ఛాంపియన్ అయిన ఆయన 2009 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని కార్తహేనా ట్రాక్‌పై బైకు నడుపుతూ పడిపోయి మెడకు దెబ్బ తగిలించుకున్నారు. ఆ ఏడాది గాయపడిన ఫెలిపె మసా స్థానంలో ఫెరారీ నడపాలని సిద్ధమైనా, ఆ మెడ గాయం వల్లనే విరమించుకోవలసి వచ్చింది. టైరు పట్టు గురించి ఆయనకు తెలియదని ఎవరైనా అనగలరా?

పట్టు గురించిన అవగాహన బైకుపై పనికొస్తుందనడంలో నాకు సందేహం లేదు, చిక్కంతా చేతులకూ కాళ్లకూ పట్టిన అలవాటుతోనే. కారులో కుడికి తిరగాలంటే స్టీరింగ్‌ను కుడికి తిప్పుతాము. వేగంగా పోతున్న బైకుపై కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. ముందు చక్రం క్షణకాలం ఎడమకు మళ్లుతుంది, బైకు కుడికి వాలుతుంది, ఆ వాలుతోనే మలుపు తిరుగుతుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఎవరైనా ఇది చేయగలరు. మలుపు మధ్యలో, అది అనుకున్నదానికంటే బిగుసుకుపోతోందని తెలిసిన క్షణంలోనే అసలు పరీక్ష. కారులోనైతే స్టీరింగ్ ఇంకాస్త తిప్పి, యాక్సిలరేటర్ కొంచెం వదిలితే బరువు ముందు టైర్లపై పడి, చాలా కార్లు లోపలికి మళ్లుతాయి. వెనుకభాగం జారినా సరిదిద్దుకోవడానికి ఎంతో కొంత వ్యవధి దొరుకుతుంది. బైకుపై భయంతో ముందు బ్రేకును గట్టిగా పట్టేస్తే అది నిటారుగా లేచి మలుపు బయటికి పోతుంది, లేదా ముందు టైరు జారి మనిషి నేలపై ఉంటాడు. ఆ క్షణంలో చాలాసార్లు చేయవలసింది, చూపును మలుపు లోపలే నిలిపి బైకును మరికొంత వాల్చడం. ఏళ్ల తరబడి కారు నడిపినవారి శరీరం దీనికి ఒప్పుకోదు.

మూడో సమాధానం:
ఇప్పటి బైకులు వేరు. 2015 నాటి యమహా ఆర్1లోనే బైకు ఎంత వాలిందో, ఎటు కదులుతోందో ఆరు విధాలుగా కొలిచే సెన్సార్ వచ్చింది. వెనుక చక్రం జారకుండా, ముందు చక్రం గాలిలోకి లేవకుండా అదే చూసుకుంటుంది. కొత్తవారి తప్పులను యంత్రమే సర్దుతున్నప్పుడు ఇంత భయం అవసరమా?

రెండో సమాధానం ఇచ్చినవారే మళ్లీ:
ఆ సెన్సార్ల మేలును కాదనను. నేను బైకు కొంటే అవి ఉన్నదే కొంటాను. అయితే అవి ఉన్న పట్టును జాగ్రత్తగా వాడతాయే గాని లేని పట్టును పుట్టించలేవు, మలుపులోకి మరీ వేగంగా వచ్చినవారికి చోటునూ ఇవ్వలేవు. దానికి తోడు శక్తి లెక్క చూడండి. 1500 కిలోల కారుకు 450 హార్స్‌పవర్ ఉంటే దానిని గట్టి స్పోర్ట్స్ కారు అంటాము. వెయ్యి సీసీ స్పోర్ట్ బైకు దాదాపు 200 కిలోలు, దాదాపు 200 హార్స్‌పవర్. నడిపేవారి బరువు కలిపినా కిలోకు వచ్చే శక్తి ఆ కారుకంటే రెట్టింపు దాటుతుంది. అంటే కారులో అలవాటైన చోట బ్రేకు వేయాలని చూసేవారు, అక్కడికి అలవాటు లేని వేగంతో చేరుకుంటారు.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
దిశ గురించి మీరన్నది న్యాయమే, సర్టీస్ ఉదాహరణను ఆ మేరకు వదులుకుంటాను. కానీ కారు నేర్పినది వృథా కాదన్న మాటకు మాత్రం కట్టుబడే ఉంటాను. చిన్న బైకుపై మొదలుపెట్టినా, ట్రాక్ తెలిసినవారు బొత్తిగా కొత్తవారికంటే త్వరగా నేర్చుకుంటారు.

రెండో సమాధానం ఇచ్చినవారు:
అందులో మనకు భేదం లేదు. 300, 400 సీసీ బైకుపై మొదలుపెట్టి, ఖాళీ స్థలంలో ముందు బ్రేకు సాధన చేయాలన్నదే నా వాదన. లివరును ఒక్కసారిగా లాగకూడదు. మొదట మెల్లగా నొక్కి, బరువు ముందుకు చేరి టైరు నేలకు అదుముకున్నాక ఒత్తిడి పెంచాలి. కారులో పెడల్‌ను ఒక్క తొక్కుతో అదిమి, మిగతాది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కు వదిలేసే అలవాటు ఉన్నవారు ముందుగా మార్చుకోవలసింది దీనినే.