24 గుణాల పరీక్ష రాశాక మీలో ఏమైనా మారిందా?

చుక్కలలెక్క:
నెట్‌లో ఉచితంగా దొరికే 24 గుణాల పరీక్ష రాశాను. ప్రశ్నలకి టిక్కులు పెడితే, 24 మంచి గుణాల్లో మనలో ఏది ఎక్కువో ఏది తక్కువో వరసగా చూపిస్తుంది. అన్నిటికన్నా పైన 'నేర్చుకోవాలనే ఇష్టం' వచ్చింది, అట్టడుగున 'ఉత్సాహం'. పదకొండేళ్లుగా బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాడికి ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుందిలెండి. రెండ్రోజులు హుషారుగా తిరిగాను. మూడో రోజుకి మళ్లీ మామూలే. దీనివల్ల మీకెవరికైనా ఒరిగిందా?

పాతమాస్టారు:
అలా చల్లారడం మామూలే బాబూ. ఈ గుణాల జాబితా తయారుచేసిన సైకాలజిస్టులు పీటర్సన్, సెలిగ్మన్‌లే మరో ఇద్దరితో కలిసి 2005లో ఆ సంగతి రాశారు. తమ బలాలేవో (అంటే పైనొచ్చిన గుణాలు) తెలుసుకుని వాటిని వాడమని మాత్రమే చెప్పినవాళ్లకి ఆ సంతోషం నిలవలేదు. వారంపాటు రోజూ ఒక బలాన్ని కొత్త తరహాలో వాడమన్నవాళ్లకి ఆరు నెలల దాకా నిలిచింది. కిటుకంతా ఆ 'కొత్త తరహా'లోనే ఉంది.

నాకు హాస్యం ముందొచ్చింది. రిటైరయ్యాక జోకులెయ్యడానికి క్లాసు లేదు, మా ఆవిడ వినదు (నలభై ఏళ్లుగా విన్నవే మరి). వారానికి మూడుసార్లు తమ్ముణ్ణి డయాలిసిస్‌కి తీసుకెళ్తాను. నాలుగేసి గంటలు ఊరికే కూర్చోవాలి. పక్క మంచాలవాళ్లకి పొడుపుకథలు వెయ్యడం మొదలుపెట్టాను. ఇప్పుడొకాయన నన్ను ఓడించాలని ఇంటి దగ్గర్నుంచే కష్టమైనవి రాసుకొస్తున్నాడు.

ఉప్పుచేప:
మనం పెట్టిన టిక్కులే కదండీ అది తిప్పి చెప్పేది? నాకు 'నిజాయితీ' మొదటొచ్చింది. మా తమ్ముడు చూసి పడీపడీ నవ్వాడు. నన్నెరిగిన ముగ్గుర్ని విడివిడిగా అడిగాను. ముగ్గురూ 'పట్టుదల' అన్నారు. పరీక్షలో అది నాకు పదిహేడోది! ఆ జాబితాలో పట్టుదలని 'ధైర్యం' అనే గుంపులో వేశారు. అదొక్కటీ నచ్చింది.

గుమ్మడిపూలు:
నాకు మొదటిది దయ. ఇంకా వాడమంటే భయమేస్తోంది. అత్తగారి మందులు, ఆడపడుచు పిల్లల హోంవర్కు, ఆఫీసులో ఎవరికి సెలవు కావాలన్నా వాళ్ల షిఫ్టు నాదే. సంతోషం మాట దేవుడెరుగు, నడుం పడిపోయింది. మాస్టారు గారు చెప్పిన కొత్త తరహా నేను రెండోదాంతో చేశాను. అది 'న్యాయంగా ఉండటం'. వారంలో మూడు రాత్రులు అంట్లు మా ఆయనవని ఫ్రిజ్‌ మీద కాగితం అంటించాను. మొదటి వారం గిన్నెలకి జిడ్డు వదల్లేదు. అయినా సరే, ఆ మూడు రాత్రులూ హాయిగా పడుకున్నాను.

చుక్కలలెక్క:
ఉప్పుచేప గారూ, మీలాగే మా అమ్మనడిగాను. "నీకు తెలిసింది పక్కవాడికి చెప్పందే నిద్రపట్టదు కదరా" అంది. పింఛను కోసం మా కౌంటర్‌కి ఒక పెద్దామె వస్తుంది, వేలిముద్రే. రద్దీ తగ్గాక సంతకం నేర్పుతున్నాను. మూడక్షరాల పేరు. రెండొచ్చాయి. మూడోదానికి ఒత్తుంది, అక్కడ ఆగిపోయాం.

పాతమాస్టారు:
ఒత్తు విడిగా రాయించు బాబూ. పెన్ను వద్దు, పలక మీద పెద్దగా దిద్దించు.