చెన్నై నుంచి మెల్‌బోర్న్ 8,800 కిలోమీటర్లే, మరి టికెట్‌లో 20 గంటలు ఎందుకు?

తిరుపతి తమ్ముడు:
మా అక్క మెల్‌బోర్న్‌లో ఉంది, జూన్‌లో డెలివరీ. అమ్మ ఒక్కతే వెళ్లాలి, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. మాది బైరాగిపట్టెడ, కాబట్టి చెన్నై నుంచే చూస్తున్నా. దూరం దాదాపు 8,800 కిలోమీటర్లు అంటున్నారు, గంటకు 900 చొప్పున లెక్కేసినా పది గంటల్లో దిగిపోవాలి కదా? టికెట్‌లో సింగపూర్ మీదుగా రాత్రి 11కి బయలుదేరి మర్నాడు సాయంత్రం 7:30కి చేరుతుందని ఉంది. అమ్మకి 61 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, ఇరవై గంటలు ఎలా కూర్చుంటుందో అని టెన్షన్‌గా ఉంది. దుబాయ్ మీదుగా అయితే కొంచెం తక్కువకే వస్తోంది. తీసుకోవచ్చా?

చిత్తూరు అన్న:
టికెట్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు తమ్ముడూ. జూన్‌లో మెల్‌బోర్న్ మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, అక్కడ 7:30 అంటే మనకి మధ్యాహ్నం 3. అంటే మొత్తం 16 గంటలే. అందులో సింగపూర్‌కి నాలుగున్నర, అక్కడ ఆగేది నాలుగు, మళ్లీ ఏడున్నర. (అక్టోబర్‌లో వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పుడు తేడా ఐదున్నర అవుతుంది.)

దుబాయ్ మాత్రం వద్దు. మనం వెళ్లాల్సింది ఆగ్నేయానికి, అది పడమటికి తీసుకెళ్లి మళ్లీ మన మీదుగా వెనక్కి తెస్తుంది. చెన్నై నుంచి దుబాయ్ 2,900, అక్కడి నుంచి మెల్‌బోర్న్ 11,600 పైనే, కలిపితే 14,500. సింగపూర్ దాదాపు దారిలోనే ఉంది, 2,900కి 6,000 కలిపితే 8,900 కిలోమీటర్లు, నేరుగా వెళ్లినదానికంటే ఓ వందో రెండొందలో ఎక్కువ, అంతే. దుబాయ్ నుంచి ఏకబిగిన పదమూడు గంటలు పైన కూర్చోవాలి, మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది చాలా కష్టం.

రేణిగుంట అక్క:
ఆ నాలుగు గంటల గ్యాప్ తగ్గించుకోవద్దు బాబూ. మా నాన్నని పంపినప్పుడు డబ్బులు కలిసొస్తాయని రెండు ముక్కలుగా వేరే వేరే టికెట్లు కొన్నాం, మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయింది, మళ్లీ కొత్త టికెట్ కొనాల్సొచ్చింది. ఆ రాత్రంతా ఆయన ఎయిర్‌పోర్ట్‌లో కుర్చీలో కూర్చునే ఉన్నారు, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. ఒకే టికెట్ మీద అయితే లగేజీని నేరుగా మెల్‌బోర్న్‌కే వేయించొచ్చు, సింగపూర్‌లో బయటికి రాకుండా విమానం మారితే వీసా కూడా అక్కర్లేదు. వీల్‌చెయిర్ ఇప్పుడే అడిగి పెట్టండి, వాళ్లే గేటు దాకా తీసుకెళ్తారు.

తిరుపతి తమ్ముడు:
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. సింగపూర్‌దే బుక్ చేస్తా. రాత్రి 11 విమానానికి ఇక్కడి నుంచి ఎన్నింటికి బయల్దేరాలి?

చిత్తూరు అన్న:
ఎయిర్‌పోర్ట్‌లో 8కల్లా ఉండాలి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో మూడున్నర గంటలు అనుకున్నా, సాయంత్రం చెన్నై ట్రాఫిక్ ఉంటుంది కాబట్టి మూడింటికే ఇల్లు కదలండి. ఇంకోటి, అమ్మగారు ఊరగాయలు, పొడులు, లడ్డూ ప్రసాదం ఏది పట్టుకెళ్లినా మెల్‌బోర్న్‌లో దిగేటప్పుడు తిండి సామాను ఉందని తప్పకుండా రాయాలి. చెప్పకుండా దొరికితే పెద్ద జరిమానా. వాళ్లు వద్దంటే ఆ వస్తువు తీసేసుకుంటారు, ముందే చెప్పినందుకు జరిమానా ఉండదు.