ప్రెస్సులో చేసిన పనిని ఇక్కడ చూపించేదెలా?

హనుమకొండ నుంచి, ప్రస్తుతం బర్మింగ్‌హామ్‌లో

అన్నలకు, అక్కలకు నమస్కారం. గ్రాఫిక్ డిజైన్‌లో పీజీ చేయడానికి సెప్టెంబరులో ఇక్కడికి వచ్చాను. అంతకుముందు అయిదేళ్లు హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డిజైనర్‌గా పనిచేశాను. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, విత్తనాల ప్యాకెట్లు, పురుగుమందుల లేబుళ్లు, మేడారం జాతర వచ్చిందంటే రోడ్డు పొడవునా కట్టే స్వాగత బ్యానర్లు చేశాను. పెళ్లిళ్ల కాలంలో రాత్రి రెండింటి దాకా కుర్చీలోంచి లేచేవాణ్ని కాదు.

ఇక్కడ తోటి విద్యార్థుల వెబ్‌సైట్లు చూస్తే భయం వేస్తోంది. తెల్లటి పేజీ, మధ్యలో ఒక్క బొమ్మ, చుట్టూ ఖాళీ. నా పనంతా ఎరుపు, పసుపు, అంచు దాకా నిండిన అక్షరాలు. పాతదంతా తీసేసి కోర్సులో చేసిన ప్రాజెక్టులే పెట్టుకొమ్మని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. అవి రెండే ఉన్నాయి. ఏం చేయమంటారు? చేసిన పనులు చూపించే ఆన్‌లైన్ పోర్ట్‌ఫోలియో ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలి?

కాజీపేట నుంచి, ప్రస్తుతం లీడ్స్‌లో

తమ్ముడూ, ఏదీ తీసేయకు. ఆ పొరపాటు నేను చేశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడికి రాకముందు నేను కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు డిజైన్లు గీసి ఇచ్చేదాన్ని. గళ్ల కాగితం మీద గడికో రంగు నింపుకుంటూ పోతే, అదే వారం తర్వాత మగ్గం మీద కనబడేది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, నేను ఇక్కడికి బయలుదేరే నాటికి ఆ పని చెప్పుకోదగ్గదని నాకే అనిపించలేదు. దాన్ని పక్కన పెట్టి లేని కాఫీ కంపెనీకి ఒక లోగో, లేని అత్తరుకు ఒక సీసా, లేని హోటలుకు ఒక మెనూ తయారుచేసి పెట్టుకున్నాను. ఒక స్టూడియోలో ఇంటర్వ్యూకు పిలిచారు. పెద్దావిడ కాఫీ లోగో చూసి, "దీన్ని ఎవరైనా కాదన్నారా? మార్చమన్నారా?" అని అడిగింది. లేదన్నాను. అత్తరు సీసా చూసి మళ్లీ అదే అడిగింది. ఊహించుకున్న కంపెనీలో కాదనేవాళ్లు ఎవరుంటారు? చివరికి ల్యాప్‌టాప్‌లో ఏ మూలో ఉన్న గళ్ల కాగితాల ఫోటోలు తీసి, చేతిలో ఉన్న నూలు మూడు రంగులే అయితే డిజైన్ ఎలా మార్చేదాన్నో చెప్పాను. ఆ తర్వాత అరగంట దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఆ రాత్రే పోర్ట్‌ఫోలియో మొత్తం కొత్తగా కట్టడం మొదలుపెట్టాను.

నీ జాబితాలో నా చూపు ఆగింది పురుగుమందు లేబుల్ దగ్గర. దాన్ని నువ్వు ఎన్నిసార్లు చేశావో గాని, ఒక్కసారి బయటివాడి కళ్లతో చూడు. అరచేతిలో సగం లేని కాగితం. దాని మీద మందు పేరు, మోతాదు, ఏ పంటకు ఎంత, విరుగుడు, హెచ్చరికలు ఉండాలి. ఏటవాలుగా నిలబెట్టిన చతురస్రం ఒకటి తప్పనిసరి. దాని కింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం, పసుపు తర్వాతి స్థాయి, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు పెట్టిన గుర్తు అది. చదువురాని మనిషి కూడా రంగు చూసి జాగ్రత్త పడాలని. అంత చిన్న చోట ఇన్ని భాషల్లో ఇంత సమాచారం ఇరికించి, ఏది ముందు కనబడాలో, ఏది చిన్నదైనా ఫరవాలేదో నిర్ణయించినవాడివి నువ్వు. ఆ నిర్ణయం తప్పితే ఒక రైతు ప్రాణం మీదికి వస్తుంది. నీ తోటివాళ్ల తెల్లటి పేజీల్లో అంత బరువు మోసిన పని ఎన్ని ఉన్నాయో చూసుకో.

విత్తనాల ప్యాకెట్ కూడా అంతే. దాని మీద రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ ఉండాలి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చి అమ్ముకున్న రైతు తిరుగు ప్రయాణంలో దుకాణం ముందు నిలబడతాడు. లోపల వెలుతురు తక్కువ. ప్యాకెట్లు దండల్లా వేలాడుతుంటాయి. ఆరడుగుల దూరం నుంచి అతను గుర్తుపట్టేది కాయ బొమ్మనా, రంగునా, అంకెనా? నీకు తెలుసు. అయిదేళ్లు ఆ దుకాణదారుల ఫిర్యాదులు విన్నావు. తెలిసినదాన్ని రాసి పెట్టు. ఒక్కో పనికి ఎవరి కోసం చేశావు, అడ్డంకి ఏమిటి, మొదటి నమూనాలో ఏం కుదరలేదు, ఏం మార్చావు, అచ్చయ్యాక ఏమైంది అన్నవి చాలు. నూట యాభై మాటలు దాటవద్దు. పక్కన వదిలేసిన నమూనా కూడా పెట్టు. ఇక్కడివాళ్లు దాన్నే ఎక్కువసేపు చూస్తారు.

వరస ఎలా పెట్టాలో చేర్యాల పటం నేర్పుతుంది. ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలోనే ఉండేది చేర్యాల, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసిన బట్ట మీద నకాషీ చిత్రకారులు కథను గడి తర్వాత గడిగా గీస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు పటాన్ని ఒక్కసారిగా విప్పరు. ఒక గడి చూపించి, కథ చెప్పి, వినేవాళ్లు సిద్ధమయ్యాకే తర్వాతి గడికి వెళ్తారు. నీ పేజీలో నీ మాట ఆ కథకుడి మాట. అందుకే ముప్పై ఫోటోలు ఒకేసారి గుప్పించకు.

కరీంనగర్ నుంచి, ప్రస్తుతం లెస్టర్‌లో

అక్క చెప్పినదానితో ఏకీభవిస్తాను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. "ఏదీ తీసేయకు" అంటే అన్నీ పెట్టమని కాదు. అయిదేళ్లలో వేసిన ఫ్లెక్సీల్లో నువ్వు ఆలోచించి చేసినవి ఎన్ని, నాయకుడి ఫోటో మార్చి మళ్లీ వేసినవి ఎన్ని? ఎనిమిది పనులు చాలు, పది ఎక్కువ. నా దగ్గరికి ఉద్యోగం కోసం వచ్చే లింకుల్లో మొదటి మూడు పనులు చూసేసరికే నాకు ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది. బలహీనమైన పని ఒక్కటి ఉన్నా మిగతావాటిని కిందికి లాగుతుంది.

రెండో సంగతి అనుమతి. నువ్వు ప్రెస్సులో జీతానికి చేశావు. భారత కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమాని. బ్రిటన్‌లో 1988 చట్టమూ ఇదే చెబుతుంది. ఓనరు మంచివాడే అయినా వాట్సాప్‌లో ఒక సందేశం పెట్టి, "సరే, చూపించుకో" అన్న జవాబు భద్రంగా దాచుకో. నేను మొదటి ఉద్యోగంలో ఇంకా మార్కెట్‌లోకి రాని ప్యాకేజీ ఒకటి నా సైటులో పెట్టి, మర్నాడు ఉదయమే మేనేజర్ గదిలో నిలబడాల్సి వచ్చింది. తీసేయించి వదిలిపెట్టారు. ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, దయచేసి రెండుసార్లు చదువు. విద్యార్థి వీసా మీద ఇక్కడ స్వయం ఉపాధి నిషిద్ధం. డిగ్రీ, పీజీ విద్యార్థులు చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు ఉద్యోగం చేయవచ్చు. కానీ ఫ్రీలాన్స్‌గా డబ్బు తీసుకుని లోగో చేసిపెట్టడం అందులోకి రాదు. పోర్ట్‌ఫోలియో బాగుందని చూసి మనవాళ్లే అడుగుతారు. ఉగాది పోస్టరు, కొత్త హోటలు బోర్డు, పిల్లాడి పుట్టినరోజు కార్డు. వద్దని చెప్పు. వరంగల్ కస్టమరే కదా, డబ్బు అక్కడి ఖాతాలోనే పడుతుంది కదా అనుకోకు. పని చేసేది ఇక్కడ కూర్చునే. సైటులో "పనికి సంప్రదించండి, ధరలు ఇవి" అని ఇప్పుడే రాయకు. "ఉద్యోగ అవకాశాల కోసం చూస్తున్నాను" అని రాస్తే చాలు. అనుమానం వస్తే యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల విభాగాన్ని అడుగు.

చదువు పూర్తయ్యాక గ్రాడ్యుయేట్ వీసా తీసుకుంటే ఫ్రీలాన్స్ చేయవచ్చు. పీజీ వాళ్లకు ఇప్పటిదాకా అది రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. నీ కోర్సు ఎప్పుడు ముగుస్తుందో చూసి లెక్క వేసుకో. ఆ దశలో ఏడాదికి 1,000 పౌండ్ల వరకు వ్యాపార ఆదాయానికి పన్ను మినహాయింపు ఉంటుంది, అది దాటితే ఇక్కడి ఆదాయపన్ను శాఖ దగ్గర నమోదు కావాలి. అప్పుడు బిల్లు కట్టకుండా తిప్పించుకునే కంపెనీ ఎదురైతే భయపడకు. ఆలస్య చెల్లింపులపై 1998లో చేసిన చట్టం ఉంది. కంపెనీల మధ్య బాకీకి, ఒప్పందంలో వేరే వడ్డీ లేకపోతే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మూల రేటు మీద 8 శాతం కలిపి అడగవచ్చు. ఒంటరిగా వ్యాపారం చేసుకునేవాళ్లకూ ఆ హక్కు ఉంది.

హనుమకొండ నుంచి, ప్రస్తుతం బర్మింగ్‌హామ్‌లో

అన్నా, వీసా సంగతి చెప్పి రక్షించారు. నిన్ననే ఒకరు శుభలేఖ చేసిపెట్టమని అడిగారు, ఈ రోజు కాదని చెప్పేశాను. ప్రెస్సు ఓనరుకు సందేశం పెట్టాను. "నీ చేతి పనే కదరా, పెట్టుకో" అన్నారు. చదివి కళ్లు చెమర్చాయి.

అక్కా, ఇంకో చిక్కు వచ్చింది. పాత ఫైళ్లన్నీ కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో ఉన్నాయి. ఇక్కడి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు అంతా ఇంగ్లీషు గుర్తుల గందరగోళంగా కనిపిస్తోంది. డిజైనర్లు తమ పని చూపించుకునే బిహాన్స్ సైటులో పెట్టాలా, సొంత సైటు కొనాలా? మొదటి పేజీలో రామప్ప గుడి మదనిక శిల్పం బొమ్మ, వరంగల్ కోట కళాతోరణం పెడదామనుకుంటున్నాను. మనవాళ్లకు గర్వంగా ఉంటుంది కదా?

కాజీపేట నుంచి, ప్రస్తుతం లీడ్స్‌లో

ఓనరుగారి మాట చదివి నాకూ అలాగే అయింది.

ముందు ఫైళ్ల సంగతి. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చోబెట్టారు. ఫాంటు లేని చోట కింద ఉన్న ఇంగ్లీషు గుర్తే బయటపడుతుంది. ప్రెస్సులో ఇంకా పనిచేస్తున్న స్నేహితుడు ఎవరైనా ఉంటే, ఫాంటు ఉన్న అదే కంప్యూటర్‌లో ఫైలు తెరిచి, అక్షరాలను గీతలుగా మార్చి, పీడీఎఫ్ చేసి పంపమను. ఆ తర్వాత ఎక్కడ తెరిచినా చెదరదు. అచ్చయిన అసలు ప్యాకెట్టు దొరికితే ఇంకా మంచిది. పగటి వెలుగులో, వీలైతే ఒక రైతు చేతిలో పెట్టి ఫోటో తీయమను, ముఖం పడకుండా. కంప్యూటర్‌లో తయారయ్యే మెరుపు బొమ్మకన్నా ఆ నలిగిన ప్యాకెట్టు వంద రెట్లు మాట్లాడుతుంది.

సైటులో రాసే తెలుగు మాత్రం ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోనే ఉండాలి. రామభద్ర, మల్లన్న, గిడుగు, ధూర్జటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చినంత ఇస్తే "రాష్ట్రం" అన్నచోట వత్తులు కింది వరుసకు తగులుతాయి. ఇది నీకు చేతి అలవాటుగా తెలిసిన విషయం. దాన్నే ఒక పేజీగా రాయి: ఒకే ప్యాకెట్ మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు పక్కపక్కన పెట్టినప్పుడు మూడూ సమానమైన బరువుతో కనబడాలంటే ఏం చేశావు? ఇక్కడ ఆ ప్రశ్నకు అనుభవంతో జవాబు చెప్పగలవాళ్లు చాలా తక్కువ. నిన్ను నలుగురిలో నిలబెట్టేది ఇదేనని నా నమ్మకం.

చోటు గురించి ఎక్కువ ఆలోచించకు. బిహాన్స్‌లో నలుగురి కంట పడతావు, సొంత పేరుతో సైటు ఉంటే నీ మాట నువ్వు అనుకున్న వరసలో చెప్పగలవు. రెండూ పెట్టుకో. ఆడోబీ చందా ఉంటే దానితోపాటు సైటు కట్టుకునే ఆడోబీ పోర్ట్‌ఫోలియో వస్తుంది, మొదటి ఏడాదికి అది చాలు. బొమ్మలు వెడల్పు రెండు వేల పిక్సెళ్లు దాటకుండా చూసుకో. రైల్లో ఫోనులో చూసేవాళ్లు బొమ్మ తెరుచుకునేదాకా ఆగరు.

శుభలేఖలు రెండు పెట్టు, అవి అందంగా ఉంటాయి. కానీ వాటి మీద వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటి చిరునామా, ఫోను నంబర్లు ఉంటాయి. అవి వాళ్ల ఇంటి సంగతులు. అక్షరాలు మార్చి ఊహించిన పేర్లతో మళ్లీ కూర్చు.

రామప్ప గురించి నా అభిప్రాయం వేరు. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినరోజు నేను ఇక్కడ ఒంటరిగా పాయసం చేసుకుని తిన్నాను, అంత ఇష్టం నాకు. అయినా మొదటి పేజీలో వద్దు. ఆ మదనికను చెక్కింది నువ్వు కాదు. అది చూసినవాడు గుడిని మెచ్చుకుని వెళ్లిపోతాడు, నిన్ను చూడడు. కళాతోరణం మన రాష్ట్ర చిహ్నంలోనే ఉంది, ఊళ్లో ఎన్ని దుకాణాల బోర్డుల మీద దాన్ని వేసి ఇచ్చావో నీకే తెలుసు. రామప్ప మీద నిజంగా పనిచేయాలనిపిస్తే, కోర్సులో ఒక ప్రాజెక్టుగా తీసుకో. పాలంపేటకు మొదటిసారి వచ్చే యాత్రికుడికి దారి చూపే ఫలకాలు, కరపత్రం మూడు భాషల్లో తయారుచెయ్యి. అప్పుడు అది నీది అవుతుంది.

మొదటి పేజీలో పురుగుమందు లేబులే పెట్టు. దాని వివరణ ముందు తెలుగులో రాయి. ఇంగ్లీషులో ఆలోచించుకుంటూ రాస్తే అందరూ రాసే మాటలే వస్తాయి. ఆదివారం మధ్యాహ్నం రెండు తర్వాత నేను ఖాళీ. రాసింది పంపు, ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులోకి తెద్దాం.